నీళ్లు కలిపిన బూడిద

నా నుదుటి మీద, కనుబొమలకి కాస్త పైన, గోరంత మచ్చ ఉంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా మా గంటాయన మీద కోపం రావాలి. రాదు. ఏడుపొస్తుంది. ఎందుకో చెప్తాను.

గంటాయన అంటే మా చర్చిలో గంట కొట్టే మనిషి. గంట ఒక్కటే కాదు, తలుపులు తీయడం, కొవ్వొత్తులు వెలిగించడం, బెంచీలు తుడవడం, కారుతున్న గొడుగుతో లోపలికొచ్చినవాళ్లకి చీవాట్లు పెట్టడం, అన్నీ ఆయన పనులే. ముప్పై ఒక్క ఏళ్లలో ఏడుగురు ఫాదర్లు మారారు గానీ గంటాయన మారలేదు. ఇల్లు గంటాయనది, దేవుడు అద్దెకుంటున్నాడు అని మేం వేళాకోళం చేసుకునేవాళ్లం. పూజకి ఆలస్యంగా వచ్చేవాళ్లు దేవుడికి భయపడకపోయినా ఆయన చూపుకి భయపడేవాళ్లు. నేను దర్జీ పని చేస్తాను. ఫాదర్‌గారి పూజ దుస్తులు, పీఠం మీద పరిచే గుడ్డలు కుట్టేది నేనే కాబట్టి ఆయనతో ఎప్పుడూ ఏదో ఒక తగువు. అంచు వంకర పోయిందంటాడు. వంకర నీ చూపులో ఉందన్నయ్యా అంటాను.

ఎన్ని చేసినా ఆయనకి పేరొచ్చింది మాత్రం బూడిదతో. ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్‌గారు మా అందరి నుదుటి మీదా బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. మట్టివి, మట్టిలోనే కలుస్తావు, మర్చిపోకు అని చెప్పడం అది. కిందటేడు మట్టల ఆదివారం నాడు దీవించి ఇచ్చిన ఈత మట్టల్ని కాల్చే ఆ బూడిద చేయాలి. ఇంట్లో గోడకున్న సిలువ వెనక ఏడాదంతా దోపి ఉంచిన ఎండు మట్టలు అందరం తెచ్చిస్తాం. గంటాయన చర్చి వెనక ఇనప డ్రమ్ములో వేసి, పెళ్లికొడుకులా నిలబడి కాలుస్తాడు. కాలిన మట్టల్ని డబ్బాలో పోసుకుని ఇంటికి పట్టుకెళ్తాడు. మంగళవారం సాయంత్రానికి ఆ డబ్బా తిరిగొస్తుంది. మూత తీస్తే కాటుకలా మెత్తటి బూడిద. నుదుటి మీద పెడితే రాలదు, కారదు. పక్క చర్చి వాళ్లు కూడా అడిగి తీసుకెళ్లేవాళ్లు. ఏం కలుపుతావయ్యా అంటే, మీసాల్లో నవ్వుకుని, "అదంతా చేతి మహిమ" అనేవాడు.

చేతి మహిమే. ఎవరి చెయ్యి అని మేం అడగలేదు. ఆయన భార్య వెనక బెంచీలో, గోళ్ల సందుల్లో నలుపుతో కూర్చునేది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది మా కళ్లముందే ఏళ్ల తరబడి జరిగింది. మాకు కనపడలేదు.

ఆవిడ మొన్న చలికాలం మొదట్లో పోయింది. ముందు కడుపులో పుండన్నారు, తర్వాత క్యాన్సరన్నారు, నలభై రోజుల్లో అంతా అయిపోయింది. సమాధి దగ్గర గంటాయన కన్ను చెమర్చలేదు. మర్నాడు ఉదయం ఆరింటికి, నిమిషం తేడా లేకుండా గంట కొట్టాడు. ఎవరైనా ఆవిడ మాటెత్తితే "బెంచీలు తుడవాలి" అని లేచిపోయేవాడు. ఇదేం మనిషి అనుకున్నారు జనం. నాకు నోరు ఊరుకోదు కాబట్టి నేను పైకే అన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు వయసులో చిన్నవాడు, మంచివాడు. "ఈసారి మీరేం శ్రమపడతారు? బూడిద ప్యాకెట్లలో దొరుకుతోంది, తెప్పిద్దాం" అన్నారు. గంటాయన నిప్పులు చెరిగాడు.

"ప్యాకెట్లలో బూడిదా? ఎవరింటి మట్టలో ఏమో! మా ఆవిడ పోయింది, వీడు ఎందుకూ పనికిరాకుండా పోయాడు అనుకోవాలా అందరూ? ఆ రోజు పూజ ఆవిడ కోసమే చెప్పమని అడిగాను కదండీ. ఆవిడ దాచిన మట్టలు కూడా ఉన్నాయి అందులో. ఈ ఒక్క ఏడాదీ నన్ను చేయనివ్వండి ఫాదర్‌గారూ."

ఫాదర్‌గారు సరేనన్నారు.

మంగళవారం మధ్యాహ్నం, తపస్సు కాలానికి కుట్టిన ఊదారంగు పీఠం గుడ్డలు ఇద్దామని ఆయన ఇంటికి వెళ్లాను. వంటగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నలుపు. చుట్టూ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ. టీ వడపోసే జల్లెడలో బూడిద పోసి చేత్తో తడుతున్నాడు. గరుగ్గా, పీచుపీచుగా రాలుతోంది. చిటికెడు తీసి తన నుదుటి మీద పెట్టుకున్నాడు. ముక్కు మీదికి రాలిపోయింది.

"ఇన్నేళ్లు చేసినవాడివి, ఇంత అవస్థేంటన్నయ్యా?"

"మట్టలు సరిగ్గా ఎండలేదు ఈసారి" అని బుకాయించి, గ్లాసుతో కొంచెం నీళ్లు పోసి కలిపాడు.

నేను తగుదునమ్మా అని, "ఇంకాస్త పొయ్యి, బాగా అంటుకుంటుంది" అన్నాను. పోశాడు. మెత్తగా ముద్దయింది. బాగుందంటే బాగుందని ఇద్దరం మెచ్చుకున్నాం. జరిగినదాంట్లో సగం పాపం నాది.

బుధవారం ఉదయం చర్చి నిండిపోయింది. వరసలో వెళ్లి గుర్తు వేయించుకుని వచ్చి కూర్చున్నాం. కాసేపటికి నుదురు చిమచిమలాడింది. ఆ తర్వాత మంట. ఒక్కరు కూడా తుడుచుకోలేదు. విభూది గుర్తు ఎవరైనా తుడుచుకుంటారా? నా పక్కన బేకరీ ముసలమ్మ కళ్లు మూసుకుని "ప్రభువా, అంత పాపం చేశానా" అని గొణుగుతోంది. నాకు కిందటి వారం మా వదినని అన్న మాటలు గుర్తొచ్చాయి. ఈ మంట వాటికేనని మనసులోనే లెంపలేసుకున్నాను. ముందు బెంచీలో పోస్టుమాస్టరు పిడికిళ్లు బిగించి చెమటలు కక్కుతున్నాడు. ఎవరి పాపాలు వాళ్లు తలుచుకుంటూ అందరం ఓర్చుకున్నాం. చివరికి ఒక చంటిపిల్ల గుక్కపట్టి ఏడిచింది. తల్లి కొంగుతో తుడిచేసరికి కింద చర్మం ఎర్రగా కందిపోయింది. అప్పుడు ఫాదర్‌గారు తన బొటనవేలు చూసుకున్నారు. పొక్కిపోయింది. ఆయన కూడా దేవుడి పరీక్ష అనుకుని కిక్కురుమనలేదు మరి.

"అందరూ బయటికెళ్లి కడుక్కోండి, త్వరగా" అన్నారు.

గంటాయన కూతురు ఆసుపత్రిలో నర్సు. తల్లి కోసం చెప్పే పూజ కదా అని సెలవు పెట్టి వచ్చింది. ఆవరణలో కుళాయి దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి తనే కడిగింది, ఎదురుగా మందుల షాపు నుంచి పూతమందు తెప్పించి రాసింది. నాలుగు రోజుల్లో తగ్గిపోతుందని ధైర్యం చెప్పింది. కడుక్కున్నవాళ్లు లోపలికి వెళ్లారు, పూజ మళ్లీ మొదలైంది. ఆ అమ్మాయికి సాయంగా తువ్వాలు పట్టుకుని నేను ఉండిపోయాను. గంటాయన పక్కతలుపు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నుదుటి మీద బూడిద అలాగే ఉంది.

"రా నాన్నా, కడుగుతాను."

"ఏం తప్పు చేశానమ్మా?"

"నీళ్లు కలిపావు. మట్టల బూడిదలో నీళ్లు పడితే చర్మాన్ని తినేస్తుంది. అమ్మ పలచటి గుడ్డలో మూడుసార్లు జల్లించి, రెండు చుక్కలు నూనె వేసేది. అంతే."

"నీకు తెలుసా?"

"నీకూ తెలుసనుకున్నాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారుగా."

గంటాయన నా వైపు చూశాడు. నాకు ఎటు చూడాలో తెలీలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు మీ అమ్మ?" అన్నాడు. కోపంగా అనబోయాడు గానీ రాలేదు.

"చెప్పబోయింది నాన్నా, ఆసుపత్రిలో. నేనక్కడే ఉన్నాను. 'ఏమండీ, ఒక్కమాట వినండి, ఈసారి బూడిద చేసేటప్పుడు' అని మొదలుపెట్టింది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, 'ఆ గోల ఇప్పుడెందుకు, లేచొచ్చి నువ్వే చేద్దువుగాని' అన్నావు. మంచినీళ్లు తెస్తానని బయటికెళ్లిపోయావు."

గంటాయన తలూపాడు. లోపల ఫాదర్‌గారు ఆవిడ పేరు చెప్పి ప్రార్థించడం కిటికీలోంచి వినిపించింది. అందరూ ఆమెన్ అన్నారు.

"అమ్మ చెప్పాలనుకుంది బూడిద గురించి కాదు నాన్నా. ఎలా మొదలుపెట్టాలో తెలీక దాంతో మొదలుపెట్టింది. నువ్వు వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. భయంగా ఉందంది. చచ్చిపోవాలంటే చాలా భయంగా ఉందంది. అది నీతో చెప్పుకోవాలనుకుంది."

"భయమేసిందా దానికి?"

"వెయ్యదా మరి?"

"నన్ను పిలవమనలేదా?"

"పిలుస్తానన్నాను. వద్దంది. 'మీ నాన్న తట్టుకోలేరే, ఊరుకో' అంది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నీకెప్పుడో చెప్దామనే అనుకున్నాను. అమ్మ పేరెత్తితే చాలు లేచి వెళ్లిపోతావు, ఎప్పుడు చెప్పను?"

గంటాయన మెట్టు మీద కూలబడ్డాడు. కూతురు తడిగుడ్డతో నుదురు తుడుస్తుంటే కదల్లేదు. బూడిదతోపాటు చర్మం లేచి వస్తున్నా అబ్బా అనలేదు. నాకు అక్కణ్ణుంచి వెళ్లిపోవాలనిపించింది, అయినా తువ్వాలు మడతపెడుతూ నిలబడ్డాను.

"మంచినీళ్లకి వెళ్లలేదమ్మా నేను" అన్నాడు. "తలుపవతలే నిలబడ్డాను. ఏం చెప్పబోతోందో నాకు తెలిసింది. నాకూ భయమేసింది. అందుకే ఆపేశాను."

కూతురు గుడ్డ పక్కన పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది. గంటాయన రెండు చేతులతో ముఖం కప్పుకుని గట్టిగా ఏడ్చాడు.

"దాన్ని ఆ ఒక్కమాట చెప్పనిచ్చి ఉంటే సరిపోయేది. ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదమ్మా."