బాలింత తెలుపు

ఎవరైనా బాలింతను చూసి "అబ్బ, ఎంత రంగు తేలిందో!" అన్నారంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్క రెండో కాన్పుకు ఆలూరులోని పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నెత్తురు పట్టడానికని ఎర్రటి ఐరన్ మాత్రలు, వాటితో కాల్షియం మాత్రలు ఓ సంచిలో వేసి ఇచ్చారు. అమ్మ ఆ సంచి తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది.

"కాన్పయిపాయె, ఇంగా మాత్రలెందుకు? అవి శానా వేడి మే. పాలల్లో దిగితే బిడ్డకు కడుపునొప్పి లేస్తాది," అంది.

పథ్యం మాత్రం గట్టిగా చేయించింది. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, గుక్కెడు వేన్నీళ్లు. ఆకుకూర చలువ చేస్తుందని ముట్టనివ్వలేదు. అంతా ప్రేమతోనే చేసింది. నా ఏడుపంతా అదే.

మా ఇంటిల్లిపాదిదీ నలుపే. శనగచేలల్లో ఎండకు తిరిగిన అక్క ఇంకా నలుపు. అట్లాంటిది, కాన్పయ్యాక రోజురోజుకూ తెల్లబడింది. చూడవచ్చిన వాళ్లంతా "ఏమ్మే, దొరసాని మాదిరి అయిపోయినావే!" అని ఆటపట్టించేవాళ్లు. అమ్మ మురిసిపోయి, దిష్టి తగులుతుందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. అక్కేమో గోడ పట్టుకుని లేచేది.

"కండ్లు తిరుగుతాండాయి మా."

"పచ్చి ఒళ్లు, అట్లే ఉంటాది. పండుకో."

ఒకరోజు పొద్దున బిడ్డకు పాలిస్తూనే అక్క పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో ఆదోనికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ అక్క కింది రెప్ప లాగి చూసి, "ఒంట్లో నెత్తురే లేదు కదమ్మా! మాత్రలు మింగించలేదా?" అంది. నెత్తురు ఎక్కిస్తుండగానే అక్క గుండె ఆగిపోయింది.

అమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చి అటక మీది సంచి దించుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. మురిసిన వాళ్లమేగా అందరమూ.

తర్వాత నాకు కాన్పయింది. రోజూ అన్నం తిన్నాక అమ్మే మాత్ర తెచ్చి నా నోట్లో వేసి, మింగేదాకా నా గొంతు వైపే చూసేది. ఆకుకూర తానే వండిపెట్టేది. ఓ మధ్యాహ్నం పక్కింటామె వచ్చి, నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"ఏం పాపా, బిడ్డను కన్నా రంగు తేలనే లేదే! నల్లగానే ఉండావు."

అమ్మ చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టింది.

"నల్లగానే ఉండనీమ్మా," అంది. "నా పెద్దబిడ్డ తెల్లగానే పాయె."