రెండు బంట్ల ఎత్తు

చదరంగంలో ఎవరైనా ఆట చివర్లో ఓడిపోతారు. నేను మొదటి ఎత్తుకే పరువు పోగొట్టుకున్నాను. అదీ అనంతపురంలో, కల్యాణమండపం నిండా జనం చూస్తుండగా. నవ్వు వస్తే మొహమాటపడకండి.

నాకు ఆట నేర్పింది మా నాయన. యాడికి అనే ఊరి దగ్గర మా చేను. వేరుశనగ విత్తి, వాన కోసం మొగులు చూస్తూ కూర్చునే రోజుల్లో గోనెపట్ట మీద బొగ్గుతో గళ్లు గీసి పావులు పేర్చేవాడు.

"మొదటి ఎత్తుకు రెండు బంట్లు జరపాల పాపా. ఒంటెద్దుతో మడక సాగుతాదా?" అనేవాడు.

మా ఊళ్లో అందరిదీ అదే ఆట. లోకమంతా అట్లాగే ఆడుతుందనుకున్నాను.

డిగ్రీలో ఉండగా పోటీకి పేరిచ్చాను. నాయన చేను పని మానుకుని నాతో బస్సెక్కాడు. ఆయన కళ్లముందు ఒక్క ఆట గెలవాలి, నా ఆశంతా అంతే.

ఎదురుగా కళ్లద్దాల పెద్దమనిషి. నేను దర్జాగా రెండు చేతులతో రెండు బంట్లు ముందుకు తోశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమ్మా ఇది?"

"ఎత్తు సార్. మీరు గూడా రెండు జరపండి, నేనేమీ అనుకోను."

తీర్పు చెప్పే ఆర్బిటర్ వచ్చాడు. "ఒకసారికి ఒక పావేనమ్మా. ప్రపంచమంతా ఇదే రూలు."

కిటికీ అవతల నుంచి నాయన అందుకున్నాడు. "ప్రపంచమంతా తప్పాడతాంటే మా పాపేం చేస్తాదప్పా?"

మండపమంతా నవ్వు. తల దించుకుని ఒక బంటును వెనక్కి పెట్టాను. కాసేపటికి ఆ పెద్దమనిషి రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపాడు. నేను ఎగిరి లేచాను.

"సార్! ఈయన రెండు జరిపినాడు!"

"అది కోట కట్టుకోవడం. రాజుకు ఆ వీలుంది," అన్నాడు ఆర్బిటర్.

మా ఊళ్లో ఏ రాజూ కోట కట్టిన పాపాన పోలేదు.

"రాజుకైతే రెండు, బంటుకైతే ఒకటా!" అని మళ్లీ నాయన గొంతు. ఈసారి ఆయన్ను గేటు బయటికి పంపించేశారు. కిటికీ ఖాళీ అయ్యాక నాకు ఆట మీద మనసు నిలవలేదు. చకచకా ఓడిపోయాను.

బస్సులో నేను ఏడుస్తుంటే నాయన వేరుశనక్కాయలు ఒలిచి చేతిలో పెట్టాడు. "నువ్వు బాగానే ఆడినావు పాపా. ఆయప్పకే ఆట రాదు."

నాయన ఇప్పుడు లేడు. నేను ఫోన్‌లో ఆడతాను, గెలుస్తాను కూడా. ఒక్కోసారి ఊరికే రెండో బంటును వేలితో తోసి చూస్తాను. ఫోను కదలనివ్వదు. ఆ పూట ఆయన మీద బెంగ ఆపుకోలేను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక మొదటి ఎత్తుకు రెండు బంట్లు జరపను. నాయన వచ్చి ఎదురుగా కూర్చుంటే మాత్రం ఈ ప్రమాణం చెల్లదు.