ఏరు జరిగింది, పొలిమేర జరగలేదు

మొన్న సింగపూరులో, పాసిర్ రిస్‌లోని మా అమ్మాయి ఫ్లాట్‌లో భోజనాలయ్యాక, మనవరాలు బడి పనికోసం ఐరోపా పటం ముందేసుకుని కూర్చుంటే, ఫ్రాన్సులో ఒక పల్లెను రెండేళ్ళు నేను ఏలానని నోరు జారాను. ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టి, "తాతా, యూ వేర్ కింగ్ ఆ? డోంట్ బ్లఫ్ లా!" అంది. వంటగదిలోంచి మా ఆవిడ, "రాజు కాదే, కరణం. ఆ కరణీకం కూడా కుర్చీలోంచి లేవకుండానే," అని నా కిరీటం ఊడబీకింది.

ఒప్పుకుంటున్నాను. ఆ పల్లె నేల మీద నా కాలు ఏనాడూ పడలేదు. అయినా అక్కడి గట్టుగట్టూ నాకు తెలుసు.

కంప్యూటరు చదువు పేరు చెప్పుకుని మనవాళ్ళంతా విమానాలెక్కిన ఆ రోజుల్లో, నేను తంజోంగ్ పగార్‌లో ఓడరేవు క్రేన్లు కనబడే ఒక ఆఫీసులో, ఫ్రాన్సు పల్లెల కాగితం పటాలను కంప్యూటరులోకి ఎక్కించే పనిలో చేరాను. పల్లెను వాళ్ళు కమ్యూన్ అంటారు. మన పంచాయతీ లాంటిదే, దానికో మేయరు కూడా ఉంటాడు. నా వాటాకొచ్చింది జేబురుమాలంత ఊరు. ఉత్తరాన ఓక్ చెట్ల అడవి, దక్షిణాన ఆవులు మేసే పచ్చిక, నడుమ మిట్ట మీద రాతి చర్చి, దాన్ని ఆనుకుని నలభై పెంకుటిళ్ళు, కింద లోయలో ఒక ఏరు, ఏటి పక్కన ఒకప్పుడు నీటి వేగంతో తిరిగిన పిండిమర. ఒకనాడు ఆ వాలు నిండా ద్రాక్షతోటలే ఉండేవట. తెగులొచ్చి తోటలు పోయాయి, ఆపైన యుద్ధానికెళ్ళిన కుర్రాళ్ళు చాలామంది తిరిగిరాక దున్నేవాళ్ళు పోయారు, పొలాలు పచ్చికయ్యాయి. మిగిలిందల్లా ఆ పిండిమర, దానికోసం అవతలి ఊరితో తరాలుగా సాగిన తగువు.

ఈ సంగతులన్నీ నేను చేరినరోజే తెలుసుకున్నాననుకునేరు. లేదు, పీకల మీదికొచ్చాక తెలుసుకున్నాను.

పాత పటంలో ఊరి పొలిమేర చుక్కల గీతగా ఏటికి కాస్త దూరంగా పోతుంది. నేను గోదావరి కాలువల కింద పుట్టినవాణ్ణి. మా వైపు పంటకాలువే రెండూళ్ళకు హద్దు, నీళ్ళను వదిలేసి పొడినేల మీద పోయే పొలిమేరను నేనెక్కడా చూడలేదు. కాగితం పాతబడి ముడుచుకుపోయి ఉంటుందని తీర్మానించి, పొలిమేరను నెట్టి ఏటి మీద పెట్టాను. పని చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. కొన్ని వారాలకు ఆ మేయరుగారి ఉత్తరం మాకు పని ఇచ్చినవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది: మా పిండిమరను పక్క ఊరికి ఎవరిమ్మన్నారు?

అప్పటికే రెండుసార్లు మా పటాలు తప్పులతో తిరిగొచ్చాయి. మూడోసారి కూడా తప్పని తేలితే పని ఇంకొకరికి పోతుంది; పనితోపాటు ఈ దేశంలో ఉండి పనిచెయ్యనిచ్చే మా ఎనిమిది మంది వర్క్ పాస్‌లూ పోతాయి. మా టీముకు పెద్ద ఒక హైదరాబాదాయన, ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన నా వైపు తిరిగి, "మీరు ఆడికి పోయిన్రు కదా, కండ్లతోని చూసిన్రు కదా, మీరే చెప్పున్రి," అన్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫ్రాన్సు పల్లెలు కాలినడకన తిరిగానని నేనే చెప్పి ఉన్నాను మరి. పాత పటమే తప్పని, నేను స్వయంగా చూశానని బల్లగుద్ది చెప్పాను. సరే, ఎల్లుండి అదే రాసి పంపుతానన్నారాయన, నా మాట కింద తన సంతకంతో.

ఆ సంతకం పడేదాకా ఆగలేకపోయాను. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటరులో, టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసిన, అంటే ముందే మాదని పట్టుకున్న బల్ల దగ్గర, టీ చల్లారిపోతుండగా నిజం చెప్పేశాను.

"ఫ్రాన్స్ పోలే?"

"పోలేదు భాయ్."

"మరి ఏడికి పోయిన్రు?"

"యానాం. మా మేనత్త కూతురి పెళ్ళికి."

ఆయన కళ్ళజోడు తీసి, "అరె మియా, యానాం నేను గూడ పోయిన! అయితే నేను గూడ ఫ్రాన్స్ రిటర్నే!" అని పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేలా నవ్వారు. నవ్వు ఆగాక ముఖం మారింది. "గీత మీది. ఎనిమిది ఇండ్లు దాని మీదున్నయి. మీరే తేల్చాలె. పదిరోజులు గడువు అడుగుత."

ఒక్క పూటలో తేల్చానని ఈమధ్య మా అల్లుడితో చెప్పాను. నిజానికి తొమ్మిది రోజులు పట్టింది. ఫ్రెంచి నిఘంటువొకటి కొనుక్కుని, పటంతోపాటు వచ్చిన పాత భూమి రికార్డుల నకళ్ళను మడిమడికీ చదివాను. అర్థంకాని మాట దగ్గర ఆగి, వెతికి, మళ్ళీ మొదటికొచ్చి, తేలేదాకా లేచేది లేదని పంతం పట్టాను. ఏడోనాటికి దొరికింది. ఎప్పుడో పెద్ద వరదకు ఏరు పిండిమరను దాటి ఊరివైపుకు జరిగింది. రెండూళ్ళ పెద్దలూ కూర్చుని, ఏరు ఎటు పోయినా పొలిమేర పాత దారిలోనే ఉండాలని ఒప్పుకుని మూడు రాళ్ళు పాతించారు. పటం మీద దుమ్ము మరకలనుకుని నేను వదిలేసినవి ఆ రాళ్ళే. మిగతా రెండు రోజులూ గీతను మళ్ళీ గీయడానికి సరిపోయాయి. భాయ్ చూసి, "ఏరు జరిగితే ఊరెట్ల జరుగుతది మియా," అని మాత్రం అన్నారు.

పటం కింద మూలన ఒక గడి ఉండేది: గీసినవారు, సరిచూసినవారు. ఆ గడిలో తప్పు గీతకు నేను పెట్టిన పొడి అక్షరాలను కొట్టెయ్యబోతే భాయ్ నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీయున్రి. తప్పు మీదే, దిద్దుడు గూడ మీదే." వాటి కింద మళ్ళీ నా అక్షరాలే రాయించి, పక్కన తన సంతకం పెట్టారు. పిండిమర వెనక్కి వచ్చింది, మా పాస్‌లు నిలిచాయి.

ఇప్పుడు వన్-నార్త్ వైపు ఒక కంప్యూటరు ఆఫీసులో మా అల్లుడు చేసేదీ పటాల పనే. ఉపగ్రహం బొమ్మ తీస్తే గీతలు వాటంతట అవే పడతాయట, తప్పుంటే వాటంతట అవే సర్దుకుంటాయట. సంతోషం, మా కళ్ళు పడ్డ కష్టం వాళ్ళ కళ్ళకు వద్దు. కానీ గీసినవారి పేరు ఎక్కడుంటుందని అడిగితే, అలాంటిదేం ఉండదు మామయ్యగారూ అన్నాడు. మన తరం అంత గొప్పగా ఏమీ పనిచెయ్యలేదు. నేనైతే అసలే చెయ్యలేదు. కింద పేరు ఉంటుందని భయపడ్డాం, ఆ భయంతోనే మొండికెత్తి కూర్చున్నాం. ఎవరి పేరూ లేని గీత కోసం తొమ్మిది రోజులు ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు.