తియ్యటి మందును ఆపిన యమున

గోదావరిఖని యమున ఇప్పటికి పన్నెండు మందుల ప్రాణం తీసింది. పదకొండింటిని తన ఇంటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కన చాయ్ పెట్టుకుని మరీ తీసింది. ఒక్క కేసు లేదు. పన్నెండోదాని కోసం మాత్రం రైలెక్కి పోవాల్సి వచ్చింది.

ఆమెది హైదరాబాదులోని ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. నెలకు నాలుగు రోజులు అక్కడ, మిగతాదంతా ఇక్కడ, ల్యాప్‌టాప్ మీద. కంపెనీలో ఒకేసారి పాతిక ముప్పై కొత్త మందుల పని నడుస్తుంటుంది. ఉన్న ల్యాబులు, ఉన్న మనుషులు అన్నింటికీ సరిపోరు. ఏది ముందు నడవాలి, ఏది ఆగాలి, ఏది మూతపడాలి అని తేల్చి పెద్దల ముందు పెట్టడం యమున పని. చదువుకున్నవాళ్లు దీన్ని పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ అంటారు. ఇంటర్‌లోనే కాలేజీ గోడ దూకినవాళ్ల లెక్కలో ఇది అచ్చంగా యముడి కొలువు. ఆయన చెల్లెలి పేరు కూడా యమునే కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోవాల్సింది లేదు.

కాలనీవాళ్లకు మాత్రం ఆమె నడిచే మందుల షాపు. పక్కింటి సారవ్వ ఒకనాడు గేటు పట్టుకుని నిలదీసింది.

"మందుల కంపెనీల మేనేజర్‌వు, నీ తాన మోకాళ్ల నొప్పికి ఒక్క గోలీ లేదానే?"

"లేదవ్వా. నా తాన కాయిదాలే ఉంటయి."

"కాయిదం మింగితే తగ్గుతదా మల్ల?"

సారవ్వ అసలు బాధ మోకాళ్లు కాదు, మనవరాలు దీప. ఆరేళ్ల పిల్లకు ఫిట్స్. రోజూ పొద్దున సగం గోలీ నూరి నీళ్లలో కలిపి పట్టాలి. ఆ చేదు ఎంతటిదంటే, దీప ఉమ్మిన చుక్క మీద పడి ఒక పిల్లి ఓపెన్‌కాస్ట్ గని దాకా ఆగకుండా పరుగెత్తిందని చెప్పుకుంటారు. మందు ఉమ్మేసిన రోజు సాయంత్రానికి పిల్ల కొయ్యలా బిగుసుకుపోయేది. ఇది మాత్రం కథ కాదు.

అది కళ్లారా చూసిన రోజే యమున ఒక తప్పు చేసింది. ఈ ఉద్యోగంలో ఎవరూ అనకూడని మాట అనేసింది.

"ఫికర్ చెయ్యకవ్వా. వచ్చే ఏడు తియ్యటి మందొస్తది. సీసాల ఉంటది, షర్బత్ లెక్క. మా కంపెనీలనే తయారైతంది."

అప్పటినుంచి దీపకు ఒకటే ప్రశ్న. "అత్తా, నా మందు యాడి దాకా వచ్చింది?"

"రైల్ల వస్తంది. కాజీపేట దాటిందట. పెద్దపల్లిల సిగ్నల్ కోసం ఆగింది."

ఆ మందు పని హైదరాబాదు ల్యాబులో వసీం అనే కుర్రవాడి చేతిలో ఉంది. నెలనెలా అతని రిపోర్టులో ఆ వరుస పచ్చగా ఉండేది. పచ్చ అంటే అంతా బాగుందని. యమునకు రంగుల మీద నమ్మకం తక్కువ. తండ్రి లింగమూర్తి ముప్పై రెండేళ్లు బొగ్గు బావిలో పైకప్పుకు ఆసరా దుంగలు నిలిపే సపోర్ట్‌మన్‌గా చేశాడు. ఎవరూ కింద కూర్చోకముందే రూఫును కర్రతో తట్టి వినడం అక్కడ మొదటి పని. గట్టి చప్పుడైతే సరే, డొల్ల చప్పుడైతే అందరూ బయటికి. ఆ పెంపకంలో పెరిగిన యమున కంపెనీ పెద్దల మీటింగుకు ముందు ప్రతి మందునూ ఫోనులో తడుతుంది.

"వసీం, మూడు నెలలు నిలువ పెట్టిన సీసాలు తీసి చూసినవా?"



"చూసిన అక్కా. వేడిల పెట్టినయన్ని చెడిపోతున్నయి. మూడుసార్లు మార్చి చేసినం, మూడుసార్లు గంతే. ఈ ఒక్కపాలి పచ్చగనే ఉండనియ్యి. ఇంకో బ్యాచ్ చేస్త. రెండేండ్ల పని అక్కా..."

పచ్చగా ఉంచితే ఎవరికీ తెలియదు, కానీ ల్యాబు యంత్రాల కోసం వెనుక నిలబడ్డ మందులన్నీ ఇంకో మూడు నెలలు ఆగాలి. ఎర్రగా మారిస్తే దీప రైలు రాదు. యమున ల్యాప్‌టాప్ మూసి, చిక్కుడుకాయలు ఒలుస్తున్న తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, డొల్ల ఉందని చెప్పి ఎన్నడన్న తిట్లు తిన్నవా?"

"తినకేంది! ఒకపారి అందర్ని బయటికి పంపిన. షిఫ్టు బొగ్గంత పాయె."

"రూఫు పడ్డదా?"

"లే. ఆ దినం పడలే, మర్నాడు పడలే. నేను రిటైరైనంక గూడ పడలేదట."

"మల్ల తప్పు చెప్పినట్టే గదనే?"

"కర్ర చెప్పింది చెప్పిన బిడ్డా. కింద కూసున్నోడు మనోడని కర్ర మాట మారుస్తదా?" ఒక కాయ ఒలిచి అన్నాడు. "కాకపోతే దూరంకెల్లి ఒర్రలే. మిషన్ల లొల్లిల ఇనవడది. పక్కకు పోయి భుజం మీద చెయ్యేసి చెప్పాలె."

మర్నాడు యమున వీడియో మీటింగు మానుకుని రైలెక్కింది. ముందు ల్యాబుకు వెళ్లి వసీం భుజం మీద చెయ్యి వేసింది. ఎర్రగా మారుస్తున్నానని చెప్పింది. అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత మీటింగులో ఆ వరుసను తనే ఎర్రగా మార్చి చూపించింది. మందు ఆగిపోయింది. అందరూ లేవబోతుంటే, అదే మందును పొడి పొట్లంగా చేసే ఆలోచన ఏడాదిగా మూలన పడి ఉందని గుర్తుచేసింది. చెడగొడుతున్నది నీళ్లే కాబట్టి, తాగేముందే నీళ్లు కలుపుకునేలా చేద్దామంది. పెద్దలు తటపటాయించి, ఆరు నెలల పరీక్షలకు మాత్రం ఒప్పుకున్నారు. ఆ పని వసీంకే ఇప్పించింది.

ఇంటికి వస్తూనే, బ్యాగు దించకుండా సారవ్వ దగ్గరికి పోయింది. భుజం మీద చెయ్యి వేసింది.

"అవ్వా, తియ్యటి మందు వస్తలేదు. నేనే ఆపిన."

సారవ్వ ఆమె భుజం మీది బ్యాగు దించింది.

"కరాబైందా?"

"అయింది."

"కరాబైంది నా పోరికి తాపియ్యలేగా. మల్ల నువ్వెందుకు ఏడుస్తున్నవే, పిచ్చిదానా?"

దీప మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "రైలు పట్టాలు దప్పిందా అత్తా?"

"లేదురా. ఎనుకకు మర్లిపోయింది."

పిల్ల రెండు రోజులు యమున గడప తొక్కలేదు. మూడో రోజు పొద్దున యమున అరటిపండుతో వచ్చింది. గోలీ నూరి పండులో కలిపి పెట్టొచ్చా అని పిల్లల డాక్టరును ముందే అడిగింది. ఆయన సరేనన్నాడు. దీప ముఖం చిట్లించి, యమున చేతిని గిల్లి, మింగింది. అప్పటినుంచి యమున ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొద్దుటి చెంచా ఆమెదే. గిల్లుడూ ఆమెకే.

కాలనీలో మాత్రం కథ పెరుగుతూనే ఉంది. యమున కంపెనీ పెద్దలను కుర్చీల్లోంచి లేవనివ్వలేదట. తెల్లారేసరికి కొత్త మందు పుట్టించిందట. దానికి దీప పేరే పెట్టించిందట. మొన్న పొద్దున గేటు దగ్గర నలుగురు చేరి నిజమేనా అని అడిగితే, చేతిలో అరటిపండుతో యమున ఇలా అంది:

"నేను మందు చెయ్యలే, పేరు పెట్టలే. ఒకటి ఆగింది, ఒకటి మొదలైంది. గది గూడ అయితే అయితది, లేకుంటే లేదు. పోరి గోలీ టైమైతంది, జర జరుగుండ్రి."