రెండు మూతలు

ఏడేళ్లుగా నా కౌంటరు సొరుగులో ఒక ప్లాస్టిక్ మూత ఉంది. పారేయలేను, ఎవరికీ చూపించలేను. మీకు చెప్తున్నాను. దయచేసి నన్ను ఓదార్చకండి.

నాది పురుగుమందుల కొట్టు. పట్టిసీమ వైపు మెరకలో పత్తి వేసేవాళ్లంతా నా దగ్గరికే వస్తారు. సీసా మీద చీమల్లాంటి అక్షరాలు ఎవరు చదువుతారండీ? ట్యాంకుకి ఇన్ని మూతలు పోయండని మేమే చెప్తాం.

మరియమ్మ గారు రెండెకరాలు కౌలుకి చేసేవారు. చేను నడుం దాకా ఏపుగా పెరిగిపోతోంది, కాయ నిలవట్లేదన్నారు. ఎదుగుదల తగ్గించే మందు ఇచ్చి, ఎప్పట్లాగే రెండు మూతలన్నాను. ఆ ఏడు కంపెనీ సీసా మార్చింది, మూత పెద్దదైంది. నేను చూడలేదు. చూడకుండా చెప్పడానికి నాకేం పోయేకాలం?

మూడు వారాలకి పీకిన మొక్క, ఖాళీ సీసా పట్టుకుని వచ్చారు. చేను గిడసబారింది, పూతంతా రాలిపోయింది. వెనకాలే పొలం ఆసామి, ఇంకో నలుగురు రైతులు. తప్పెవరిదో తేలితేగానీ వచ్చే ఏడు కౌలు ఇవ్వనన్నాడు. సీసా చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైపోయింది. పాత మూతలు రెండు పట్టే మూత అది.

"ఎక్కువ పోసుంటావమ్మా," అన్నాను.

"నాకు చదువు రాదు గానీ బాబూ, రెండు కూడా లెక్కపెట్టలేనా?"

కంపెనీకి పంపిస్తానని సీసా, మూత లాక్కున్నాను. ఆసామి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదు? ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు అబద్ధం చెప్పడనా? మట్టి చేతుల మనిషే తప్పు చేస్తుందా? ఆయన మీద ఒళ్లు మండిపోతుంది నాకు. ఛీ, ఆయన మీదేంటి! నమ్మించిన సిగ్గులేని వెధవని నేను కదా. కొట్టు పేరు పోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. అంతమందిలో ఆమెతో "నా తప్పండి" అనడం నామోషీ అనిపించింది. అంతే.

కౌలు పోయింది. ఇప్పుడు ఆమె అదే చేలో కూలికి పత్తి తీస్తున్నారు. ఎవరూ ఆమెని మందు కలపనివ్వరు. లెక్క తెలీని మనిషని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టింది నేను.

ఆమె ముందు ఇంకా నోరు పెగల్లేదు. మీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది, దానికీ సిగ్గుగానే ఉంది.

మరియమ్మ గారు రెండే పోశారు. సరిగ్గా రెండే.