తువ్వాలు కింద బేరం

మా బట్టల షాపు ఓనరు పులివెందులలో కొత్త బ్రాంచి పెడతానన్నప్పుడు, దానికి మేనేజరుగా నన్నే పంపుతాడని ప్రొద్దుటూరు షాపులో అందరూ అనుకున్నారు. నేను అందరికంటే ముందే అనుకున్నాను. పట్టుచీరల సెక్షన్ మొత్తం నా చేతి మీదుగా నడుస్తుంది. ఏ పెళ్ళివాళ్ళు కొనడానికి వచ్చారో, ఏ పెళ్ళివాళ్ళు ఏసీలో కాసేపు కూర్చోవడానికి వచ్చారో మెట్లెక్కేటప్పుడే చెప్పగలను. ఓనరు నన్ను కౌంటరు దగ్గరికి పిలిచి, పెన్నుతో చెవి గోక్కుంటూ అసలు సంగతి చెప్పాడు.

"పని నీకు తెలుసమ్మా, నేను కాదనను. కానీ నీది డిప్లొమా. డిగ్రీ లేని మేనేజరేంది అని మా అల్లుడు గొడవ చేస్తాండాడు. షాపు తెరిచేలోపల డిగ్రీ తెచ్చుకో. కుర్చీ నీది."

అల్లుడు బెంగళూరులో చదివినవాడు. ఒకసారి నా సెక్షనుకు వచ్చి ధర్మవరం చీరను పట్టుకుని 'ఈ ప్రొడక్ట్ ఎట్లా మూవ్ అవుతోంది?' అని అడిగాడు. మడత విప్పితేనే కదులుతుందని చెప్పాను. అప్పటి నుంచి నేనంటే ఆయనకు పడదు.

షాపు ఏడాదిలో తెరుస్తారు. మామూలుగా డిగ్రీ చదివితే అప్పటికి మొదటి సంవత్సరం కూడా గట్టిగా పూర్తికాదు. ఇక నా బతుకింతే అనుకుంటున్నప్పుడు ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. డిప్లొమా ఉన్నవాళ్ళు చివరి సంవత్సరం ఒక్కటి చదివితే చాలట. ఇంట్లో కూర్చునుండగానే బ్రిటన్ యూనివర్సిటీ బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీ వస్తుందట. దాన్ని టాప్-అప్ డిగ్రీ అంటారు. మా అమ్మకు టాప్-అప్ అంటే ఫోనుకు వేసుకునేదే.

"అంటే నీ డిప్లొమాలో అయిపోయిందా?" అంది.

"అయిపోలేదు, తక్కువ పడింది. మిగిలింది వాళ్ళు నింపుతారు."

"ఎవరు?"

"బ్రిటన్ వాళ్ళు."

"వాళ్ళు మళ్ళా వచ్చిరా?" అని అమ్మ జొన్నరొట్టె తిరగేసింది.

మాది పెద్దముడియం దగ్గర పల్లె. గొర్రెలే మాకు ఆధారం. నాయన ఈమధ్య కొంచెం శనగ కూడా వేస్తున్నాడు. నేను రోజూ బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని ప్రొద్దుటూరు వెళ్ళేదాన్ని. నా కాలేజీ ఆ బస్సులే. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, మంచు కురిసే ఊళ్ళో కాఫీ షాపు వాళ్ళు ఎండాకాలంలో కస్టమర్లను ఎలా నిలుపుకోవాలో ఒక పెద్దమనిషి చెప్పేవాడు. రెండో చెవిలో కండక్టరు చిల్లర గురించి చెప్పేవాడు. పరీక్షలో ఇద్దరూ కలిసిపోతారేమోనని నాకు భయంగా ఉండేది.

అన్ని పాఠాల్లోకి నాకు బాగా నచ్చింది బేరాల పాఠం. బేరంలో ఎవరిది పైచేయి అంటే, బేరం వదిలేసి వెళ్ళిపోగలిగిన వాడిది అని అందులో గంటసేపు చెప్పారు. ఆ పరీక్షలో నాకు నూటికి నూరు వచ్చాయి. నాయనకు చూపించాను.

"లేచిపోయేవాడిదే గెలుపంట నాయనా."

"అది తెలీనిదెవరికి? దాన్నే చదవాల్నా?" అన్నాడు. అయినా ఆ మార్కుల తెరను చాలాసేపు చూశాడు. ఆయనకు అక్షరాలు రావు గానీ వంద గుర్తు పడతాడు.

చివరి ప్రాజెక్టు దగ్గర వచ్చింది తంటా. నిజంగా జరిగే వ్యాపార బేరాన్ని ఒకటి ఫోన్లో వీడియో తీసి, దాన్ని విశ్లేషించి రాయాలి. బేరం చేసే ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా ఫ్రేములో కనబడాలి. మధ్యలో ఆపకూడదు. ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు సంతకాలు కావాలి. తెగిన ధర ఎవరికి లాభమో వివరించాలి. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. అప్పటికి పులివెందుల కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

ఓనరును అడిగితే రెండు చేతులూ ఎత్తేశాడు. "నేను బేరం చేసేది వీడియో తీస్తావా? రేపు సరుకు పంపే సూరత్ వాళ్ళు చూస్తే నా గతేంది?"

ఇక మిగిలింది నాయన. ఆ వారం పొట్టేళ్ళను సంతకు తోలాలని అనుకుంటున్నాడు. గొర్రెల సంత బేరం అంటే నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా, ఇంతకంటే మంచి బేరం ఆ బ్రిటన్ వాళ్ళకు యాడ దొరుకుతుందని సంబరపడ్డాను.

మా సంతలో అమ్మేవాడూ దళారీ కుడిచేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. ధర అంతా కింద వేళ్ళతోనే. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎన్ని వేళ్ళు నొక్కితే ఎంతో నా చిన్నప్పుడు నాయన ఆటగా నేర్పించాడు. కానీ సంతలో తెగిన ధర మాత్రం పైకి చెప్పడు. చెప్తే రేపు ఎవడూ చేయి ఇయ్యడంటాడు. అమ్మకు కూడా చెప్పడు. తిరిగొచ్చేటప్పుడు దాణా అంగడిలో, మందుల షాపులో ఇవ్వాల్సినవి ఇచ్చి మిగిలినవి తెస్తాడు కాబట్టి అమ్మ ఎన్నేళ్ళుగా కూడికలు తీసివేతలు వేసినా లెక్క తేలలేదు.

ఈ వ్యవహారం మొత్తంలో ఒక్క మాట కూడా ఉండదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. చిన్నప్పటి నుంచి అలాగే చూశాను. బేరమంటే అదే అనుకున్నాను.

సంతలో దళారీ సంతకం కాగితం చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందిది? జీఎస్టీదా?"

"కాదన్నా, నా చదువుకు."

"నీ చదువుకు నా సంతకమేంది?"

"పెట్టు సామీ," అన్నాడు నాయన. "బిడ్డ మేనేజరైతాది."

సంతకం పెట్టాడు గానీ, ఎందుకైనా మంచిదని తలగుడ్డ చెంగుతో కళ్ళ కింద నుంచి ముఖం కప్పుకున్నాడు. ఫోన్లో చూస్తే గొర్రెలు కొనడానికి వచ్చినట్టు లేడు, ఎత్తుకుపోవడానికి వచ్చినట్టున్నాడు. మార్కులు పోతాయేమో అనిపించింది కానీ గట్టిగా అంటే మనిషే పోతాడని ఊరుకున్నాను.

తరువాత చెప్పుతో నేల మీద ఒక గీత గీసి నాయనను అక్కడ నిలబెట్టాను.

"నాయనా, ఈ గీత దాటొద్దు. నువ్వు కదిలితే ఫోన్లో కనబడవు, నా డిగ్రీ పోతాది."

"కదలకూడదా?"

"బేరమయ్యేదాకా కదలకూడదు."

నాయన గీత వంక చూశాడు. పొట్టేళ్ళ వంక చూశాడు. "సరే" అని తువ్వాలు తీశాడు.

బేరం టీ తాగినంత సేపట్లో అయిపోయింది. ఇంత తొందరగా అవడం నేనెప్పుడూ చూడలేదు. దళారీ ముఖం మీది గుడ్డ దించి నవ్వాడు. "ఏం మామా, ఈపొద్దు శానా మెత్తగుండావే!" అన్నాడు. ఆ మాట వీడియోలో స్పష్టంగా పడినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను. మొత్తానికి మాట ఉన్నది అదొక్కటే. ఇంటికి వచ్చి ఇంగ్లీషులో పేజీలు పేజీలు రాశాను. ఇరుపక్షాల మధ్య నమ్మకం బలంగా ఉందని, సమయం ఆదా అయిందని, ఫలితం ఇద్దరికీ లాభమని రాశాను. ధర దగ్గర 'గోప్యం' అని రాసి పంపించాను.

మా ట్యూటరు బ్రిటన్‌లో ఉండే ఒక పెద్దావిడ. ఎప్పుడూ మర్యాద తప్పదు. ఆవిడ జవాబు ఇలా వచ్చింది: 'వీడియో అందింది, ధన్యవాదాలు. ఇందులో ఇద్దరు పెద్దమనుషులు ఒక గుడ్డ కింద చేతులు పట్టుకుని చెరోవైపు చూస్తున్నారు. ఒకరు ముఖం దాచుకున్నారు. తరువాత గొర్రెలు వెళ్ళిపోయాయి. దయచేసి బేరం ఉన్న వీడియో పంపగలరు.'

అదే బేరమని రాశాను. 'ఎక్కడ?' అని ఆవిడ రాసింది. గుడ్డ కింద అని రాశాను. 'గుడ్డ కింద ఏం జరుగుతున్నదీ కనబడటం లేదు' అని రాసింది. కనబడకుండా ఉండడానికే గుడ్డ అని రాశాను. ఇలా కొన్ని ఉత్తరాలు నడిచాక, ఆన్‌లైన్లో మౌఖిక పరీక్ష పెడతాను, మీ నాన్నగారిని కూడా కూర్చోబెట్టండి, అక్కడ తేల్చుకుందాం అంది. తేలకపోతే ఫెయిల్ చేయక తప్పదని కూడా చెప్పింది.

పరీక్ష సాయంత్రం పూట, గొర్రెలు దొడ్లోకి చేరే వేళకు పడింది. నాయన తెల్లచొక్కా వేసుకుని, దాణా మూటల మీద పెట్టిన ల్యాప్‌టాప్ ముందు ఫోటో దిగేవాడిలా కూర్చున్నాడు. అమ్మ పక్కన కట్టె పట్టుకుని నిలబడింది. అంతకుముందు రోజే ఒక మేకపిల్ల ఛార్జరు వైరు రుచి చూసింది. ట్యూటరు తెర మీదికి రాగానే, వెనక ఆ జనం ఎవరని అడిగింది. గొర్రెలన్నాను. అయితే వీళ్ళే ప్రాజెక్టులోని ఉత్పత్తులా అంది. కాదు, వాళ్ళ తమ్ముళ్ళు అన్నాను.

తువ్వాలు సంగతి అంతా మళ్ళీ చెప్పాను. ఆవిడ ఆసక్తిగా రాసుకుంది. ఆ తరువాత అడిగింది: "ఫలితం ఇద్దరికీ లాభమని రాశావు. చివరి ధర నీకు తెలుసా?"

"తెలీదు."

"ధర తెలీకుండా లాభమని ఎలా రాశావు?"

పులివెందుల బ్రాంచి, ఏసీ, గాజు తలుపు, కుర్చీ అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది.

"ఏమంటాది?" అని అడిగాడు నాయన.

"ధర చెప్పకపోతే పోయినట్టే."

నాయన భుజం మీది తువ్వాలు తీసి, "చేయి ఇయ్యి" అన్నాడు.

చిన్నప్పటి ఆట తరువాత ఆయన నాకు తువ్వాలు కింద చేయి ఇవ్వడం అదే మొదలు. ఆయన వేళ్ళు గరుకుగా ఉన్నాయి. నా వేళ్ళు ఒకటొకటే పట్టుకున్నాడు. నేను తప్పుగా లెక్కవేశానేమోనని తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అవే వేళ్ళు పట్టుకున్నాడు.

ఆ ధరకు పొట్టేళ్ళు కాదు, వాటి చర్మాలు కూడా రావు.

"ఇంత తక్కువకా? ఎందుకు నాయనా?"

"నువ్వే కదా కదలొద్దంటివి," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నాయన ఎప్పుడూ ఒక్క చోట నిలబడి బేరం చేయలేదు. మధ్యలో చేయి లాక్కుంటాడు, తువ్వాలు భుజాన వేసుకుంటాడు, గొర్రెలను ఇంటిదారి పట్టిస్తాడు. దళారీ వెనక పరిగెత్తుకుంటూ వస్తాడు. చిన్నప్పుడు ఆయన వెనకే ఎన్నిసార్లు సగం దాకా నడిచి వెనక్కి వచ్చానో. ఆరోజు లేచిపోవడానికి వీల్లేదని దళారీకి కూడా తెలుసు. గీత నేనే గీశాను మరి.

ట్యూటరు తెరలోంచి పిలుస్తోంది. ధర తెలిసిందని, కానీ అది తువ్వాలు కింద మాట కాబట్టి చెప్పలేనని అన్నాను. ఫలితం ఇద్దరికీ లాభమని నేను రాసింది తప్పని చెప్పాను. "ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావు?" అని అడిగింది. "అమ్మేవాడిని వెళ్ళిపోనిస్తాను" అన్నాను. ఎందుకని అడిగితే అంతా చెప్పాను. చెప్తూ చెప్తూ ఇంగ్లీషు సగం తెలుగైంది. ఆవిడ మాత్రం ముఖం వికసించి రాసుకుంటూనే ఉంది. ఆత్మవిమర్శకు మార్కులున్నాయట, గోప్యత పాటించినందుకు వేరే ఉన్నాయట. మా నాయన నష్టపోయిన ప్రతి చోటా నాకు మార్కులు వచ్చాయి.

"ఏమంటాది?"

"పాసంట నాయనా."

"చూస్తివా," అన్నాడు, ఆయనే రాసి గెలిచినట్టు.

డిగ్రీ కాగితం చూసి ఓనరు అల్లుడికి ఫోన్ చేసి గట్టిగా చదివి వినిపించాడు. ఆ తరువాత పులివెందులలో నా జీతమెంతో చెప్పాడు. మేనేజరు కుర్చీకి అది తక్కువ. నేను బ్యాగు తగిలించుకుని నడిచాను. పట్టుచీరలు దాటాను, మెట్లు దిగాను, గాజు తలుపు తీశాను. ఎవరూ పిలవలేదు. వెనక్కి పిలుస్తారని పాఠంలో ఉంది గానీ ఎంతసేపటికి పిలుస్తారో లేదు. బస్టాండుకు పోయి జమ్మలమడుగు బస్సెక్కాను. బస్సు కదిలింది. కుర్చీ పోయిందనే అనుకున్నాను. ఊరు దాటబోతుంటే ఫోన్ మోగింది.

"యాడికి పోతివమ్మా? మాట్లాడతాంటే అట్ల లేచిపోతే ఎట్లా?" అని ఓనరు జీతం ఇంకో అంకె చెప్పాడు.

"బస్సు శబ్దంలో వినపడలేదన్నా."

ఆయన ఇంకొంచెం పెంచి, ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. అప్పుడు వినపడింది.

ఇంటికి చేరేసరికి నాయన దొడ్డి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ వంటింట్లోంచే "ఎంతంట?" అని కేకేసింది. నాయన పక్కకు జరిగి, తువ్వాలు తీసి మా ఇద్దరి మధ్య పరిచాడు. నేను చేయి పెట్టి ఆయన వేళ్ళు ఒకటొకటే పట్టుకుంటూ వచ్చాను. చివరి వేలు దగ్గర ఆయన నా చేతిని గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఇద్దరం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

"చెప్పరేం? ఎంతంట?" అని అమ్మ లోపల్నుంచి అరుస్తూనే ఉంది.