ఇస్త్రీ బల్ల అవతల పదమూడు చెంచాలు

ఒక మహాసామ్రాజ్యం ఎలా బీటలు వారిందో, రాజుగారి ఆరోగ్యం కోసం గ్లాసులెత్తిన మనుషులే ఆయన మీదికి తుపాకులు ఎలా ఎత్తారో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో సముద్రం ఉంది, తిరుగుబాటు ఉంది, చివర్లో విజయం కూడా ఉంది. ఇంత ఊపు తెచ్చుకున్నాక నిజం చెప్పక తప్పదు. సముద్రం అంటే ఒక ఇస్త్రీ బల్ల. తిరుగుబాటు జరిగింది ఒక ఫ్యాక్టరీలో మధ్యాహ్న భోజనం గురించి. ఈ ఉదయం ఆడమ్స్‌టౌన్‌లో మా ఫ్లాటు వంటగదిలో సొరుగు లాగితే పాత చెంచాలు ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమన్నాయి. ఆ చప్పుడుతో పాటు ఎన్నిస్‌లో నేను అద్దెకున్న ఇంటి వంటగది, తెరిచిన కిటికీలోంచి వచ్చే తడి గాలి, మాడిన టోస్టు వాసన, వాటన్నిటి మధ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్న మోరా టీచర్, అంతా సొరుగులోంచి బయటికొచ్చేసింది.

మోరా టీచర్ మా ఇంటి ఓనరు. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మేడ మీది గది నాకు అద్దెకిచ్చారు. పేరు పెట్టి పిలవమనేవారు. డెబ్బై ఏడేళ్ల మనిషిని పేరు పెట్టి పిలిస్తే కాకినాడలో మా అమ్మమ్మకు ఎలాగోలా తెలిసిపోతుందని నా భయం. చివరికి 'టీచర్' దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. నేను షానన్‌లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున ఇంజినీరుని. యంత్రం నిన్న చేసిన పనే ఇవాళా చేసిందని కాగితం మీద రుజువు చేయడం నా ఉద్యోగం. కోవిడ్ వచ్చి దేశమంతా ఇంట్లో కూర్చున్నా, మేం చేసే గొట్టాలు ఆసుపత్రులకు కావాలి కాబట్టి మాకు సెలవు లేదు. దారిలో గార్డులు, అంటే ఐరిష్ పోలీసులు, కారాపి, ఫ్యాక్టరీ ఇచ్చిన ఉత్తరం చూసి "గ్రాండ్", అంటే అంతా బాగానే ఉంది, అని వదిలేసేవాళ్లు.

డెబ్బై దాటినవాళ్లు గడప దాటొద్దని ప్రభుత్వం చెప్పిన రోజు నేను పెట్టె సర్దుకుని కిందికి దిగాను. రోజూ బయట తిరిగొచ్చే మనిషిని ఇంట్లో ఉంచుకోమని ఆవిడను ఎలా అడుగుతాను? దిగేసరికి ఆవిడ టేపు పట్టుకుని వంటగది టేబులు కొలుస్తున్నారు.

"మీటరున్నర. రెండు మీటర్ల దూరానికి అర మీటరు తక్కువొచ్చింది," అన్నారు తలెత్తకుండా. "ఆ పెట్టె పైన పడేసి, వచ్చేటప్పుడు ఇస్త్రీ బల్ల పట్టుకురా."

అలా టేబులుకు ఇస్త్రీ బల్ల అతుక్కుంది. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను, కిటికీ బార్లా తెరిచి, స్వెట్టర్లు వేసుకుని రాత్రి భోజనం. నాకు ఇంత మర్యాద ఏ పెళ్లి పందిట్లోనూ జరగలేదు.

ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ వాళ్లు దూరం పాటించడం కోసం క్యాంటీన్‌లో కుర్చీలు సగం తీసేశారు. మిగిలిన సగం పర్మినెంటు ఉద్యోగులకు. కాంట్రాక్టు వాళ్లం కార్లలో తినాలి. నేను కార్లో పెరుగన్నం తింటూ, అద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ బాగానే ఉన్నాను. మా ల్యాబులో పనిచేసే శైలజక్కకు కారు లేదు. కరీంనగర్ మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. సైకిళ్ల షెడ్డు కింద నిలబడి, వాన జల్లు డబ్బాలో పడకుండా వీపు అటు తిప్పి తినేది. ఈ సంగతి నేను టీచర్‌కు జోకులా చెప్పాను. "మాది నడుస్తున్న రెస్టారెంటు, హ్యాండ్‌బ్రేకు పక్కనే పచ్చడి," అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

"మేనేజరుతో చెప్పావా?"

"చెప్పాను. ఇదే జోకు చెప్పాను. పగలబడి నవ్వాడు. తర్వాత, 'అందరూ గ్రాండ్, నువ్వొక్కడివే అంటున్నావు' అన్నాడు."

"నవ్వేశాక ఇంక జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ ఉండదు," అన్నారావిడ. "నీకు కావలసింది అదేనా?"

నేను మాట మార్చాను. ఇక్కడ పనిచేయడానికి నాకున్న పర్మిట్ ఆ కాంట్రాక్టు కంపెనీ పేరు మీద ఉంది, ఆగస్టులో రెన్యువల్. వాళ్లకు నేను అక్కర్లేకపోతే ఈ దేశానికీ అక్కర్లేదు. ఇది మాత్రం నేను జోకుగా చెప్పలేదు, అసలు చెప్పనేలేదు. ఆవిడకు తెలుసనుకుంటాను.

మర్నాడు నేను వచ్చేసరికి నా వైపు టేబులు మీద పదమూడు చెంచాలు పేర్చి ఉన్నాయి. ఆవిడ ముందు టీపాట్.

"ఇది లండన్. ఇస్త్రీ బల్ల అట్లాంటిక్. అవి అమెరికాలో పదమూడు వలస రాజ్యాలు," అన్నారు. "కూర్చో."

"మీ దేశం కథ చెప్పకుండా వాళ్లదెందుకు టీచర్?"

"మాదీ లండన్ ఏలిన కథే, చెబితే నాకు కోపమొస్తుంది. కోపంలో పాఠం సరిగ్గా చెప్పలేను. ఆ చెంచాలు ఎటు చూస్తున్నాయి?"

"టీపాట్ వైపు."

"ఒక్కటైనా పక్కదాని వైపు చూస్తోందా?"

లేదు. వాళ్లకు మొదట్లో రాజంటే ద్వేషమేమీ లేదన్నారావిడ. మేమూ మీవాళ్లమే, మీకున్న హక్కులు మాకూ ఉండాలి, పన్ను వేసేముందు మమ్మల్నీ అడగండి, అన్నారంతే. ఎవరికి వారు ఎంతో వినయంగా అర్జీలు పంపారు. జవాబులు రాలేదు, వచ్చినవి మందలింపులు.

"తుపాకులెప్పుడొస్తాయి?" అన్నాను.

"తుపాకుల కోసం తొందరపడేది వెనక బెంచీవాళ్లు. అసలు సంగతి అంతకుముందే అయిపోయింది. ఒక చెంచాను పక్కకు తిప్పు." తిప్పాను. "ఒక ఊరివాళ్లు పక్క ఊరివాళ్లకు ఉత్తరం రాశారు. మాకిలా జరిగింది, మీక్కూడా ఇంతేనా అని. వాళ్లు ఇంకొకరికి రాశారు. లండన్‌కు రాయడం మానలేదు, ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికే వాళ్లొక దేశం. ఆ సంగతి వాళ్లకే తెలియదు."

నేను పదమూడూ తిప్పేసి, "మరి వీళ్లు రాకముందు ఆ నేల ఎవరిది?" అన్నాను, ఆవిడను ఇరికించానన్న సంబరంతో.

ఆవిడ టేబులు మీద వేలితో రెండుసార్లు తట్టారు. "ఇదిగో, వీళ్లది, అక్కడి ఆదివాసులది. చెంచాలన్నీ ఇంకొకరి టేబులు మీద ఉన్నాయి. స్వేచ్ఛ గురించి అంత బాగా రాసినవాళ్లు వీళ్లనీ వదిలేశారు, బానిసలనీ వదిలేశారు. నువ్వు రాసేటప్పుడు ఎవరిని వదిలేస్తున్నావో చూసుకో."

"నేనేం రాస్తున్నాను టీచర్?"

"టీ చల్లారిపోతోంది," అన్నారు.

మర్నాడు నా పెరుగన్నం పట్టుకుని సైకిళ్ల షెడ్డుకు వెళ్లాను. "అక్కా, ఈ క్యాంటీన్ సంగతి నువ్వెప్పుడైనా మేనేజరుతో అన్నావా?"

"అడిగిన గద తమ్మీ, రెండు వారాలాయె. 'నీ ఒక్కదానికే తక్లీఫ్ అయితున్నది, అందరు గ్రాండ్' అన్నడు. నేనే ఏదో ఎక్కువ జేస్తున్ననేమో అని నోరు మూస్కున్న."

"నాతోనూ అదే మాట."

శైలజక్క ముద్ద డబ్బాలో పెట్టేసి నన్ను చూసింది. "ఓర్ని! మస్తు హుషారున్నడు గీ మేనేజరు." తర్వాత మాలాగే కాంట్రాక్టులో ఉన్న బ్రెజిల్ మార్సెలోను అడిగాం, పోలండ్ అనియాను అడిగాం. మొత్తం ఆరుగురం తేలాం. మేనేజరు లెక్కలో ఆరుగురిలో ప్రతి ఒక్కరూ 'ఒక్కరే'.

ఆ సాయంత్రం అందరి తరఫునా మేనేజరుకు ఉత్తరం రాశాను. అందులో మూడు జోకులున్నాయి. టీచర్ ఇస్త్రీ బల్ల మీదుగా ఎర్ర పెన్సిలుతో మూడూ కొట్టేశారు. "ఒకటి బాగుంది, కానీ తీసెయ్. ఊడ్చేవాళ్లు ఎక్కడ తింటున్నారు?" నేను చూడనేలేదు. వాళ్లిద్దరూ మెట్ల కింద తింటున్నారని శైలజక్క ఫోన్లో చెప్పింది. ఎనిమిది మందిమయ్యాం. కాగితం సిద్ధమైంది. ముందు సంతకం ఎవరిది అన్న ప్రశ్న మిగిలింది. నా పర్మిట్ సంగతి అప్పుడు చెప్పాను. ఆవిడ టీపాట్ మూత సర్దారు.

"మా బడిలో మగవాళ్లకు ఎక్కువ జీతం ఇచ్చే రోజుల్లో ఇలాంటి కాగితమే మా గదిలో తిరిగింది," అన్నారు. "నేను సంతకం చేశాను. చివర, మూలలో, ఎవరూ చదవలేనంత చిన్న అక్షరాల్లో. తప్పేం కాదు. కానీ ఇన్నేళ్లూ గుర్తుండిపోయింది. నువ్వు ముందు పెట్టమని నేను చెప్పను. పెట్టాక ఏమవుతుందో కూడా నాకు తెలియదు. నీ గది మాత్రం ఎక్కడికీ పోదు, అద్దె ఉన్నా లేకపోయినా."

నేను పైన సంతకం పెట్టాను. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటి పేరుతో సహా రాస్తే రెండు లైన్లు పట్టింది. ధైర్యం కన్నా పొడుగు ఎక్కువ కనిపించింది. తర్వాత పది రోజులు ఏ ఈమెయిలు వచ్చినా ముందు పంపినవాళ్ల పేరు చూసేవాణ్ణి. పదకొండో రోజు మేనేజరు వచ్చి, "ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు. క్యాంటీన్ ఇకమీదట అందరికీ, వంతులవారీగా. మాది చివరి వంతు. మేం వెళ్లేసరికి సూప్ అయిపోయేది. ఆగస్టులో పర్మిట్ కూడా మామూలుగానే వచ్చింది, కవరు మీద పేరు తప్పుతో. సామ్రాజ్యం కూలలేదు. కానీ శైలజక్క మొదటిరోజు కుర్చీలో కూర్చుని, డబ్బా మూత తీసి, కాసేపు తినకుండా ఊరికే కూర్చుంది. ఆ సంగతి టీచర్‌కు చెప్పాను. ఆవిడ లేచి మాడిన టోస్టుకు బదులు ఇంకోటి వేశారు. అదీ మాడింది.

ఆ చలికాలం ఆవిడ గుండె నిద్రలోనే ఆగిపోయింది. అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. మిగతావాళ్లు ఇక్కడి పద్ధతిలో రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డారు, రెండేసి మీటర్ల దూరంలో. షానన్ నుంచి నాతో సంతకం పెట్టిన ఏడుగురూ వచ్చారు. శవపేటిక ఉన్న కారు మెల్లగా వెళ్తుంటే చూశాను, అందరూ అటే చూస్తున్నారు. అది దాటిపోయాక ఒకరి వైపు ఒకరు తిరిగారు.

ఆవిడ మేనకోడలు చెంచాల డబ్బా నాకిచ్చింది. పన్నెండే ఉన్నాయి. పదమూడోది ఫ్యాక్టరీ లాకరులో, నా పెరుగన్నం డబ్బాలో దొరికింది. ఇప్పటికీ ఎవరైనా "నువ్వొక్కడివే అంటున్నావు" అంటే పక్కవాళ్లను అడిగి చూస్తాను. జోకు వేశాక, కావలసిందేమిటో ఇంకొక వాక్యం మామూలుగా చెబుతాను. ఆ రెండో వాక్యం ఆవిడది.

అవి వెండి పూత చెంచాలు. డిష్‌వాషర్‌లో పెడితే నల్లబడతాయి, చేత్తోనే కడగాలి.